చచ్చి బతికినవాళ్లతో బతకడం

1988 వేసవిలో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రిలో ఒక నాస్తికుడి గుండె నాలుగు నిమిషాలు ఆగిపోయింది. ఆయన అల్లాటప్పా నాస్తికుడేమీ కాదు. పేరు ఎ.జె. ఎయర్. పాతికేళ్ల వయసులో, 1936లో, ‘లాంగ్వేజ్, ట్రూత్ అండ్ లాజిక్’ అనే పుస్తకం రాసి, పరీక్షకు లొంగని మాటకు అర్థమే లేదని, దేవుడి గురించిన మాటలన్నీ ఆ కోవలోవేనని తేల్చేసిన తత్వవేత్త. న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో చేరాడు. ఆసుపత్రి తిండి నోటికి సహించలేదు. అయినవాళ్లు తెచ్చిపెట్టింది తింటుంటే సాల్మన్ చేప ముక్క ఒకటి గొంతుకు అడ్డం పడింది. అప్పటికాయనకు 77 ఏళ్లు.

గుండె మళ్లీ కొట్టుకున్నాక ఆయన చెప్పింది ఇది: కళ్లు పొడిచేసేంత ఎర్రటి వెలుగొకటి కనిపించింది, విశ్వాన్ని నడిపేది అదేనని తోచింది. ఆ వెలుగు కింద, స్థలాన్ని చూసుకోవడానికి ఇద్దరు ఉద్యోగులున్నారు. వాళ్లు తమ పని సరిగ్గా చేయకపోవడంతో స్థలం కీళ్లు తప్పి, ముక్కలు అతకని బొమ్మలా తయారైంది. ఐన్‌స్టీన్ ప్రకారం స్థలం, కాలం ఒకటే కాబట్టి కాలాన్ని సరిచేస్తే స్థలం కూడా దారికొస్తుందని ఎయర్‌కు తట్టింది. ఆ అధికారుల దృష్టిలో పడాలని చేతి గడియారం ఊపుతూ అటూ ఇటూ పచార్లు చేశాడట. ఎవరూ పట్టించుకోలేదు. ప్రభుత్వ కార్యాలయానికి పని మీద వెళ్లిన అనుభవం ఉన్నవాళ్లకి ఇందులో అతిలోకమైనదేమీ కనిపించదు.

ఇలాంటి కథల్లో మామూలుగా నాస్తికుడు ఆస్తికుడై తిరిగొస్తాడు. ఎయర్ ఆ ముచ్చట తీర్చలేదు. చావుతో అంతా అయిపోతుందన్న నమ్మకం కొద్దిగా సడలిందని ముందు పత్రికకు రాశాడు. రెండు నెలలు తిరక్కుండానే, సడలింది నమ్మకం కాదు, ఆ నమ్మకం విషయంలో తనకున్న బిగువు మాత్రమేనని ఇంకో పత్రికలో సవరించుకున్నాడు. మరుసటి ఏడాది జూన్‌లో నిజంగానే చనిపోయాడు. కానీ ఆయన భార్య మాత్రం స్నేహితులతో, చచ్చిపోయి వచ్చిన దగ్గర్నుంచి ఈయన చాలా మంచివాడయ్యాడని అన్నదట. నాకు ఎయర్ చూసిన ఎర్ర వెలుగు కంటే ఆవిడ మాటే ముఖ్యం. పైలోకంలో ఏముందన్న దాని మీద వాదనలు తెగవు. తిరిగొచ్చిన మనిషి ఎలా ఉన్నాడన్నదానికి మాత్రం ఇంట్లో సాక్షులుంటారు.

చావు అంచు దాకా వెళ్లొచ్చిన వాళ్ల మాటల్ని మొదట పోగేసినవాడు మతగురువు కాదు, భూగర్భ శాస్త్రవేత్త. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్బర్ట్ హైమ్ 1871లో ఆల్ప్స్ కొండల్లో జారిపడ్డాడు. కింద పడే ఆ కొన్ని క్షణాల్లో తన జీవితమంతా నాటకంలా కళ్ల ముందు ఆడింది. అదే సమయంలో ఇంకో అయిదు రోజుల్లో యూనివర్సిటీలో తాను ఇవ్వాల్సిన మొదటి ఉపన్యాసం ఇక లేనట్టేనన్న ఆలోచనా వచ్చింది. మేష్టారు అనిపించుకున్నాడు. భయం లేదు, నొప్పి లేదు. తర్వాత తనలాగే పడి బతికిన పర్వతారోహకుల్ని వెతికి, అడిగి, 1892లో ఆల్పైన్ క్లబ్ వార్షిక సంచికలో అచ్చువేశాడు. ఆ తర్వాత చాలాకాలం ఈ విషయాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

1975లో అమెరికాలో రేమండ్ మూడీ రాసిన ‘లైఫ్ ఆఫ్టర్ లైఫ్’ వచ్చాకే ‘నియర్ డెత్ ఎక్స్‌పీరియెన్స్’ అన్న పేరు జనం నోట్లో పడింది. చీకటి సొరంగం, చివర వెలుగు, పోయిన బంధువులు ఎదురు రావడం, పైనుంచి తన ఒంటిని తానే చూసుకోవడం, వెనక్కి పొమ్మని చెప్పడం వంటివన్నీ ఆ పుస్తకం నుంచే లోకానికి అలవాటయ్యాయి. ఆ పుస్తకం సరిగ్గా అప్పుడే రావడానికి ఒక కారణం వైద్యంలో ఉంది. ఛాతీ తెరవకుండా పైనుంచి చేతులతో నొక్కి గుండెను నడిపించే పద్ధతిని 1960లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ప్రకటించారు. అంతకుముందు గుండె ఆగితే చాలావరకు అంతే సంగతులు. చెప్పడానికి తిరిగొచ్చేవాళ్లు పెరిగాకే కథలూ పెరిగాయి. మన దగ్గర 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలయ్యాక, ఊరూరా క్యాథ్ ల్యాబులు వచ్చాక, ఇలా తిరిగొచ్చిన వాళ్లు మన చుట్టాల్లోనే ఒకరిద్దరు ఉండటం వింతేమీ కాదు.

ఎవరి అనుభవం లెక్కలోకి వస్తుంది, ఎవరిది రాదు అని తేల్చడానికి బ్రూస్ గ్రేసన్ అనే సైకియాట్రిస్టు 1983లో 16 ప్రశ్నల కొలబద్ద తయారుచేశాడు. మొత్తం 32 మార్కులు, 7 వస్తే పాస్. మన ఇంటర్ బోర్డు ఇంత ఉదారంగా ఉండదు.

అసలు తమాషా ఏమిటంటే, ఎవరి పైలోకం వాళ్ల ఇంటి నమూనాలోనే ఉంటుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రీచా, ఇయాన్ స్టీవెన్సన్‌తో కలిసి ఉత్తర భారతంలో ఇలాంటి 16 మందిని విచారించి 1986లో ప్రచురించారు. ఆ పదహారు మంది మాటల్లో సొరంగం లేదు, పైనుంచి తన ఒంటిని చూసుకోవడం లేదు. యమదూతలు వస్తారు, పట్టుకుపోతారు. అక్కడ ఒక కచేరీ ఉంటుంది, గుమాస్తాలుంటారు, దస్తరాలు తిరగేస్తారు. చివరికి తప్పు మనిషిని తెచ్చారని తేలుతుంది. ఒక కుర్రాణ్ణి యముడి ముందు నిలబెడితే యముడు దూతల మీద మండిపడ్డాడు. తోట ఎండిపోతోంది, ఆ పేరుగల తోటమాలిని తెమ్మంటే చదువుకునే కుర్రాణ్ణి తెస్తారా అని. కుర్రాడు కళ్లు తెరిచేసరికి మంచం చుట్టూ మూగిన జనంలో ఆ తోటమాలి నిలబడి ఉన్నాడట, ఆరోగ్యంగానే. ఎక్కువ సేపు ఉండలేదు, త్వరలోనే పోయాడట. ఇంకొకాయన విషయంలో, మాకు కావాల్సింది ఈ కోమటి కాదు, అదే పేరుగల కుమ్మరి అని గుమాస్తాలు తేల్చారు. మరొకాయన పారిపోకుండా మోకాళ్ల దగ్గర కాళ్లు నరికేశారు. కాగితాలు చూసి పొరపాటు గ్రహించి మళ్లీ అతికించి పంపారు.

ఎయర్ గుండె ఆగిన ఏడాదే మన థియేటర్లలో ‘యముడికి మొగుడు’ ఆడింది. ఆయుష్షు ఇంకా మిగిలి ఉన్న హీరోని యమలోకానికి ఎత్తుకెళ్లడమే ఆ కథకు ఇరుసు. మనం దాన్ని కామెడీ అనుకుని చూశాం. పస్రీచా విచారించిన వాళ్లకి అది ఒంటిమీదికొచ్చిన సంగతి. సినిమా ఊహా, మంచం మీది మనిషి ఊహా రెండూ ఒకే బావిలోంచి తోడుకున్నవి. కర్మల పన్నెండు రోజుల్లో గరుడ పురాణం వింటూ పెరిగినవాళ్లకి ఒకటి కనిపిస్తే, గ్రీకు, లాటిన్ చదివి ఐన్‌స్టీన్‌ను నమ్మిన వాడికి ఇంకొకటి కనిపిస్తుంది. ఎయర్ తాను ఒక నది దాటబోయానని కూడా మెలకువ రాగానే ఒక స్నేహితురాలితో అన్నాడట. అది తన పాత గ్రీకు చదువు తాలూకు జ్ఞాపకమై ఉంటుందని ఆయనే సమాధానం చెప్పుకున్నాడు. మనవాళ్లైతే వైతరణి అనేవాళ్లు.

మరి మెదడులో ఏం జరుగుతోంది? గుండె ఆగిన పది, ఇరవై సెకన్లలో మెదడు పైపొర విద్యుత్ చప్పుడు దాదాపు అణిగిపోతుంది. అలాంటప్పుడు ఇంత స్పష్టమైన అనుభవం ఎక్కడిదన్నది ఒక పక్షం ప్రశ్న. 2002లో జెనీవాలో ఓలాఫ్ బ్లాంకే బృందం మూర్ఛ రోగి ఒకామె మెదడులో కుడివైపు ఒక చోట కరెంటు తాకిస్తే, మంచం మీదున్న తన కాళ్లు తనకే పైనుంచి కనిపిస్తున్నాయని ఆమె చెప్పింది. 2013లో మిచిగన్‌లో తొమ్మిది ఎలుకల గుండె ఆపి చూస్తే, మొదటి 30 సెకన్లలో మెదడులో గామా తరంగాలు చల్లబడడానికి బదులు పెచ్చుమీరాయి. 2023లో అదే బృందం, వెంటిలేటర్ తీసేసిన నలుగురు రోగుల రికార్డులు చూస్తే ఇద్దరిలో అలాంటిదే కనిపించింది. వాళ్లు బతకలేదు కాబట్టి ఏం చూశారని అడిగే వీల్లేదు. ఎలుకల్ని సరేసరి.

ఇక ప్రాణం పైకి తేలి గదిని చూస్తుందన్న మాటను పరీక్షించాలని శామ్ పర్నియా బృందం బ్రిటన్, అమెరికా, ఆస్ట్రియాల్లోని 15 ఆసుపత్రుల్లో కప్పుకు దగ్గరగా దాదాపు వెయ్యి అరలు బిగించి, కింద నుంచి కనిపించకుండా బొమ్మలు పెట్టింది. పైకి తేలినవాళ్లే చూడగలరు. 2060 మంది గుండె ఆగిన కేసులు నమోదయ్యాయి. పూర్తి వివరాలు చెప్పగలిగిన స్థితిలో దొరికింది 101 మంది. జరిగింది కళ్లారా చూశాం, విన్నాం అన్నవాళ్లు ఇద్దరు. అందులో ఒకాయన చెప్పింది ఆసుపత్రి రికార్డుతో సరిపోయింది కూడా. కానీ ఆ ఇద్దరి గుండెలూ అరలు లేని చోటే ఆగాయి. నాలుగో వంతు కేసులు కూడా అరలున్న గదుల్లో జరగలేదు. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి, ఇరుపక్షాలూ తామే గెలిచామనుకున్నాయి.

నా మటుకు ఈ వాదనలో ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారనిపిస్తుంది. మనిషి మారాడు కాబట్టి చూసింది నిజమే అయ్యుండాలని ఒకరు. చూసింది మెదడు మాయ కాబట్టి మార్పును పట్టించుకోనక్కర్లేదని ఇంకొకరు. కలలో పాము కాటేస్తే విషం ఎక్కదు నిజమే, చెమట మాత్రం నిజంగానే పడుతుంది. ఆ చెమట లెక్క తీసినవాళ్లు నెదర్లాండ్స్‌లో ఉన్నారు.

కార్డియాలజిస్టు పిమ్ వాన్ లోమెల్ బృందం 10 ఆసుపత్రుల్లో గుండె ఆగి బతికిన 344 మందిని వరుసగా, ఎవరినీ ఏరుకోకుండా, తెలివి రాగానే పలకరించింది. ఫలితం 2001 డిసెంబర్‌లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఏదో ఒకటి చూశామన్నవాళ్లు 62 మంది, అంటే 18 శాతం. మిగతా 282 మందికి ఏమీ లేదు, దీపం ఆర్పి వెలిగించినట్టు. ప్రాణవాయువు తగ్గడమే కారణమైతే అందరికీ రావాలి కదా అన్నది వాన్ లోమెల్ వాదన. అందరికీ వచ్చి కొందరికే గుర్తుండొచ్చు కదా అన్నది ఎదుటివాళ్ల జవాబు.

ఈ అధ్యయనం విలువ నా దృష్టిలో తర్వాతి భాగంలో ఉంది. రెండేళ్లకు ఒకసారి, ఎనిమిదేళ్లకు ఒకసారి బతికున్న వాళ్లను మళ్లీ పలకరించారు. పోల్చడానికి, గుండె ఆగి బతికినా ఏమీ చూడనివాళ్లనూ పక్కన పెట్టుకున్నారు. ఈ చిన్న జాగ్రత్త చాలామంది పుస్తక రచయితలకు తట్టలేదు. ఎనిమిదో ఏట తేలిందేమిటంటే, ఏమీ చూడనివాళ్లు కూడా మారారు. ముందటి కంటే ధైర్యం, నలుగురి పట్ల పట్టింపు పెరిగాయి. కొందరిలో చావు భయం కూడా తగ్గింది. అంటే ‘చచ్చి బతికాను’ అన్న ఎరుకకే కొంత బలం ఉంది, వెలుగు కనబడనక్కర్లేదు. కానీ చూసినవాళ్ల మార్పు ఇంకా లోతుగా ఉంది. వాళ్లలో ఎక్కువమందికి చావు భయమే లేదు, ఆ తర్వాత ఏదో ఉందని గట్టి నమ్మకం. పక్కవాళ్ల బాధకు ఇట్టే కదిలిపోతారు, తామూ ఇట్టే నొచ్చుకుంటారు. ఏమీ చూడనివాళ్లలో ఆధ్యాత్మిక ఆసక్తి మాత్రం ఎనిమిదేళ్లలో బాగా తగ్గిపోయింది. ఐసీయూలో మొక్కుకున్నవి డిశ్చార్జి అయ్యాక మర్చిపోవడం మనకు తెలియనిది కాదు.

మార్పు రాత్రికి రాత్రి రాదన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. కుదురుకోవడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లన్నీ ఆ మనిషి ఎక్కడున్నాడు? ఇంట్లో ఉన్నాడు.

1994లో న్యూయార్క్ రాష్ట్రంలో టోనీ సికోరియా అనే ఎముకల డాక్టరు, వయసు 42, ఒక చెరువు గట్టున కుటుంబంతో విందులో ఉన్నాడు. పక్కనున్న పబ్లిక్ ఫోన్ నుంచి వాళ్లమ్మకు ఫోన్ చేసి పెట్టేస్తుండగా అదే ఫోన్లోంచి పిడుగు తగిలింది. నేల మీద పడి ఉన్న తన ఒంటిని తాను చూశానని, ఆ తర్వాత నీలి ఛాయ తెల్లని వెలుగులో తేలానని చెప్పాడు. ఫోన్ కోసం వెనక వరుసలో నిలబడ్డావిడ ఐసీయూ నర్సు కావడం ఆయన అదృష్టం, ఆవిడే ఛాతీ నొక్కి బతికించింది. కొన్ని వారాలకు మళ్లీ ఆపరేషన్లకు వెళ్లాడు. అంతా సద్దుమణిగిందనుకునేసరికి ఉన్నట్టుండి పియానో సంగీతం మీద తీరని దాహం పట్టుకుంది. అంతకుముందు సంగీతం జోలికి పెద్దగా పోని మనిషి. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి సాధన, రోజంతా ఆసుపత్రి, రాత్రి మళ్లీ పియానో. కలలో వినిపించిన స్వరాలను కాగితం మీద పెట్టాలని తపన. తనను బతకనిచ్చింది ఇందుకేనని నమ్మాడు. నాడీ వైద్యుడు ఆలివర్ శాక్స్ 2007లో ‘మ్యూజికోఫీలియా’లో ఈ కథ రాశాడు. ఇలాంటి కథలు చెప్పేవాళ్లు సాధారణంగా పియానో దగ్గర ఆపేస్తారు. శాక్స్ ఆపలేదు. భార్యకు ఇది నచ్చలేదనీ, 2004లో విడాకులయ్యాయనీ కూడా రాశాడు. ఆవిడ పెళ్లిచేసుకున్నది ఒక ఎముకల డాక్టరును. పిడుగు తర్వాత ఇంటికొచ్చింది ఒక సంగీత విద్వాంసుడు. ఈ బేరంలో ఆవిడను ఎవరూ అడగలేదు.

మన దగ్గర దీనికి సరితూగే ఉదంతానికి పిడుగు, గుండెపోటు కూడా అవసరం కాలేదు. 1896 జులైలో మధురైలో పినతండ్రి ఇంట్లో పదహారేళ్ల వెంకటరామన్‌కు ఏ జబ్బూ లేకుండానే చచ్చిపోతున్నానన్న భయం ముంచుకొచ్చింది. ఎవరినీ పిలవలేదు. శవంలా బిగుసుకుని పడుకుని, చచ్చేది ఒళ్లు కదా, మరి నేనెవరు అని లోపలికి చూసుకున్నాడు. ఆ అరగంట తర్వాత బడి, ఆటలు, తిండి మీద యావ పోయింది. అన్నగారికి చిర్రెత్తింది. ఇలా ఉండేవాడికి ఇల్లూ చదువూ దేనికని గట్టిగానే మందలించాడు. ఆగస్టు నెలాఖరులో అన్న కాలేజీ ఫీజు కట్టడానికిచ్చిన అయిదు రూపాయల్లో మూడు తీసుకుని, మిగతా రెండూ ఉత్తరంతో పాటు వదిలి, నన్ను వెతకడానికి డబ్బు ఖర్చుపెట్టొద్దని రాసి, సంతకం కూడా చేయకుండా వెళ్లిపోయాడు. సెప్టెంబర్ 1న తిరువణ్ణామలై చేరాడు. మళ్లీ ఆ ఊరు వదల్లేదు, 1950లో దేహం చాలించేదాకా.

1907లో ఆయనకు రమణ మహర్షి అని పేరుపెట్టింది మన బొబ్బిలి ప్రాంతం వాడైన కావ్యకంఠ గణపతి ముని. మహర్షి పోయిన ఏడాదే రచయిత చలం అన్నీ సర్దుకుని తిరువణ్ణామలైలోని అరుణాచలం కొండ కిందికి కాపురం మార్చాడు. తెలుగువాళ్లకు అరుణాచలంతో ఉన్న చుట్టరికం అంత దగ్గరిది కాబట్టి మనం ఆ అరగంటను భక్తితో తలుచుకుంటాం. తల్లి అళగమ్మాళ్ వైపు నుంచి తక్కువమంది తలుచుకుంటారు. కొడుకు జాడ తెలిసి 1898లో వచ్చి రోజుల తరబడి బతిమాలింది. ఆయన నోరు విప్పలేదు. జరగాల్సింది జరుగుతుందన్న అర్థంలో కాగితం మీద రాసిచ్చి ఊరుకున్నాడు. ఆమె ఆయన్ని తీసుకెళ్లలేకే వెనక్కి వెళ్లింది. ఆయన దగ్గరే ఉండిపోవడానికి వచ్చింది 1916లో, పద్దెనిమిదేళ్లకు. ఆ పద్దెనిమిదేళ్ల సంగతి కూడా ‘జీవితం మారిపోయింది’ అన్న మాట కిందికే వస్తుంది.

ఇక ఈ సరుకుకు బజారు కూడా ఉంది. స్వర్గానికి వెళ్లొచ్చిన పిల్లాడి కథంటూ 2010లో అమెరికాలో ఒక పుస్తకం వచ్చి విపరీతంగా అమ్ముడైంది. 2015లో ఆ పిల్లాడే, అప్పటికి కుర్రాడు, నేను చావలేదు, స్వర్గానికీ పోలేదు, అందరి దృష్టి నా మీద పడుతుందని చెప్పాను అన్నాడు. ప్రచురణకర్తలు పుస్తకం వెనక్కి తీసుకున్నారు. ఈ ఒక్క కథతో అందరినీ అబద్ధాలకోరులని తేల్చేయడం కుదరదు. బెల్జియంలో లీజ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో పోల్చి చూస్తే, ఇలాంటి అనుభవాల జ్ఞాపకాలు ఊహించుకున్న వాటికంటే, నిజంగా జరిగిన వాటికంటే కూడా ఎక్కువ వివరంగా ఉన్నాయి. చెప్పేవాళ్లలో చాలామంది చూశామని నమ్మే చెబుతారు. చెప్పడానికి జంకేవాళ్లూ తక్కువ కాదు, పిచ్చనుకుంటారని.

అందుకే మీ ఇంట్లో ఎవరైనా అంత దూరం వెళ్లొచ్చి ఏదైనా చెప్పబోతే, ముందు పూర్తిగా వినండి. నవ్వొద్దు, ఇంటి ముందు పందిరి వేసి దర్శనాలూ పెట్టొద్దు. మాటకు మాట పొంతన లేకపోయినా, పగలు రాత్రి తేడా తెలియకపోయినా, గోడల మీద పురుగులు పాకుతున్నాయన్నా అది వేరే సంగతి. ఐసీయూలో చాలామందికి పట్టే సంధి అది, వెంటనే డాక్టరుకు చెప్పాలి. మనిషి స్థిమితంగా ఉండి, ఉద్యోగం మానేస్తాననో, ఆస్తి రాసిచ్చేస్తాననో, ఉన్నట్టుండి వీణ నేర్చుకుంటాననో అంటే తొందరపడి కాదనొద్దు, తొందరపడి సంతకాలూ పెట్టనివ్వొద్దు. ఆ మార్పు కుదురుకోవడానికి ఏళ్లు పడుతుందని డచ్చి వాళ్ల లెక్క చెబుతోంది కదా, ఆస్తి కాగితాలు అన్నాళ్లూ బీరువాలో ఉంటే నష్టం లేదు. అలాగే, చావంటే భయం పోయిందని బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు మానేస్తామంటే మాత్రం వినకండి.